మైటీ కెటిల్ పంపిన టికెట్

సాస్ సీసా ఖాళీ అయింది. పారేయబోతూ మా అమ్మాయి దాన్ని స్పూనుతో రెండుసార్లు కొట్టింది. టింగుమన్న ఆ చప్పుడుకి, అంట్లు తోముతున్న నా కాలు దానంతటదే తాళం వేయడం మొదలుపెట్టింది. "మమ్మీ, యూ ఆర్ డాన్సింగ్" అని నవ్వింది పిల్ల. నవ్వదూ మరి. నంద్యాలలో మా అన్న పెళ్ళి బారాత్‌లో కూడా గోడకి ఆనుకుని నిలబడ్డదాన్ని నేను. ఈ జబ్బు నాకు అంటించింది మా పక్కింటి విల్‌ఫ్రెడ్ అంకుల్.

మేము ఆస్ట్రేలియా వచ్చి ఈ క్రెయిగీబర్న్‌లో ఇల్లు కొనుక్కున్నప్పటికే ఆయనకి డెబ్బై దాటాయి. సొంత ఊరు కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ ద్వీపం. అక్కడ కాలిప్సో అని ఒక పాట ఉంది. ఊళ్ళో జరిగిన సంగతినో, పెద్దమనుషుల వేషాలనో పట్టుకుని నవ్విస్తూనే వాత పెట్టే పాట. మన ఆశుకవిత్వానికీ తిట్టు కవిత్వానికీ పుట్టిన బిడ్డ అనుకోండి. ఏటా పండగ రోజుల్లో గాయకులు కొత్త పాటలతో పోటీకి దిగుతారు. నిరుటి పాట తెచ్చినవాణ్ణి చద్దన్నం వడ్డించినవాడిలా చూస్తారు. గాయకులకి ఘనమైన బిరుదులుంటాయి. సన్నగా మొదలై, మరిగేకొద్దీ ఈల వేసే గొంతు కాబట్టి అంకుల్‌ని మైటీ కెటిల్ అన్నారు.

పందొమ్మిదో ఏట మొదటిసారి వేదిక ఎక్కితే జనం టాయిలెట్ పేపర్ ఊపి దిగిపొమ్మన్నారట. అక్కడ పాట నచ్చకపోతే అదే మర్యాద. కంచె అవతల టమాటా మొక్కలకి నీళ్ళు పోస్తూ ఈ కథ చెబుతుంటే, ఏడ్చారా అంకుల్ అని అడిగాను. ఏడ్చి, ఒక రోల్ ఇంటికి తెచ్చుకుని, మరుసటి ఏటి పాట దాని మీదే రాశానన్నారు. ఆ పాట నెగ్గింది. తర్వాత కురిసే కప్పు బాగుచేయించని ఇంటి ఓనరు మీద పాట కట్టారు. ఆయన గురువు ఆ పాట విని, ముందు ఆ ఓనరుకి టికెట్ పంపించు అన్నాడట. "వెనకాల అంటే చాడీ. ఎదురుగా అంటే పాట." ఓనరు వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు, ముఖం మాడ్చుకున్నాడు, చివరికి నవ్వాడు, మర్నాడు మేస్త్రీని పంపాడు. అప్పటినుంచి అంకుల్ ఎవరి మీద పాట కట్టినా వాళ్ళకి ముందు టికెట్ పంపాల్సిందే.

ఓడలో పాడుతూ ఆస్ట్రేలియా నర్సును ప్రేమించి ఇక్కడ దిగిపోయారు. ముప్పై ఏళ్ళు రైల్వే యార్డులో బోగీలు కడిగారు. ఒక్క ఏడు కూడా పాట మానలేదు. కమ్యూనిటీ హాలులో, ద్వీపాల నుంచి వచ్చిన నాలుగు డజన్ల మంది ముందు ఏటా ఒక కొత్త పాట. భార్య పోయిన ఏడు కూడా పాడారు. ఇంత పట్టుదల ఉన్న మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

అలాంటి మనిషి నోరు నేను మూయించాను.

నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, నంద్యాల కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడ ఒక ల్యాబ్‌లో రక్తం ట్యూబులకి లేబుళ్ళు అంటించేదాన్ని. సైంటిస్టుగా గుర్తింపు రావాలంటే పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పాను. మూడోసారికి చదువుకోవడానికి దొరికేవి శనివారం మధ్యాహ్నాలే. సరిగ్గా అప్పుడే అంకుల్ వెనక వరండాలో సీసా, స్పూను పట్టుకుని కొత్త పాట కట్టేవారు. వెళ్ళి చెబుదామంటే మా ఆయన సలీం వద్దన్నాడు. "పోయి చెప్తే రేపట్నించి మొగాలు ఎట్ల చూస్కుంటాం? కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పడేయ్. పేరు బయటికి రానీరులే." పామూ చావాలి, కర్రా విరగకూడదు. బాగానే ఉందనిపించి, కౌన్సిల్ అనే ఇక్కడి మున్సిపాలిటీకి పెట్టేశాను.

వారం తిరక్కముందే కౌన్సిల్ ఉత్తరం పట్టుకుని అంకుల్ కంచె దగ్గరికి వచ్చారు. నన్నే చదవమన్నారు, అద్దాలు లోపల మర్చిపోయారట. నా కంప్లైంటే నేను చదివి వినిపించాను. పేరు లేదా అని అడిగారు. లేదన్నాను. "పేరు లేనివాళ్ళకి టికెట్ ఎలా పంపను షమీమ్?" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ శనివారం చప్పుడు లేదు. తర్వాతి మూడు శనివారాలూ లేదు. టమాటాలు ఎండిపోయాయి. ఒకరోజు చెత్తబుట్ట బయట పెడుతూ కనబడితే, ఈ ఏడు పాట లేదన్నారు. "వీధిలో ఎవరు పలకరించినా, కంప్లైంట్ పెట్టింది వీళ్ళేనా అని చూస్తున్నాను. ఇలాంటి మనసుతో పాట రాదు." చదువుకోవడానికి కావలసినంత నిశ్శబ్దం దొరికింది, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

అయిదో శనివారం సలీంతో కూడా చెప్పకుండా వెళ్ళి తలుపు కొట్టాను. నేనే పెట్టానంకుల్, చదువుకోవాలని పెట్టాను అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి తలుపు వేసేశారు. అయిపోయిందనుకుని వెనుదిరిగాను. గేటు దాటబోతుంటే పిలిచారు. చేతిలో టికెట్, దాని మీద నా పేరు. మొదటి వరుస.

ఆ ఏటి పాటలో నేనున్నాను. ముందు తలుపు నుంచి షీర్ ఖుర్మా పాయసం, దొడ్డి తలుపు నుంచి ఉత్తరం పంపే పొరుగమ్మ. హాలంతా నా వైపు తిరిగి నవ్వుతుంటే చెవులు మండాయి. మూడో చరణానికి ఆయన తన మీదే విరుచుకుపడ్డారు, తన ఈలనే సంగీతమనుకునే ముసలి కెటిల్ అని. అప్పుడు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. దిగి వచ్చి నా పరీక్ష ఎప్పుడో అడిగారు. సాధన పొద్దుటి పూటకి మార్చుకున్నారు. ఆ మూడోసారి నేను గట్టెక్కాను.

ఇప్పుడు ల్యాబ్‌లో నా కింద ఆరుగురున్నారు. ఎవరైనా తప్పు చేస్తే పది మందికీ ఈమెయిల్ కొట్టను. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతాను. అంకుల్‌కి మోకాళ్ళు పోయాయి, చెవికి మిషన్ వచ్చింది. ఈ ఏటి పాట కుర్చీలో కూర్చుని పాడారు.

ఆయన వెనకాల ఆయన గురించి రాయడం చాడీయే అవుతుందని, మొన్న శనివారం ఈ కాగితాలు తీసుకెళ్ళి, వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెబుతూ చదివాను. చెవి మిషన్ పెంచుకుని అంతా విన్నారు. పొగడ్త ఎక్కువైందన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "చప్పుడే బాధయితే చెవుల్లో దూది పెట్టుకోవచ్చు కదా. ఎందుకు పెట్టావు?"

ఏడేళ్ళుగా సలీంకి కూడా చెప్పని మాట అది. "చప్పుడు కాదంకుల్. ముప్పై ఏళ్ళు బోగీలు కడిగిన మనిషి అంత సంతోషంగా పాడుతుంటే, లేబుళ్ళు అంటించి వచ్చిన నేను ఓర్వలేకపోయాను."

ఆయన చేయి చాపి నా చేయి పట్టుకున్నారు.

"అది ఇందులో రాశావా?"

లేదన్నాను.

"రాయి" అన్నారు.

రాశాను.