కొబ్బరి మట్టల పటాలానికి సార్జెంటు ఎవరు?

నిన్న ఫోన్లో ఆ పాత ఇంగ్లీషు యుద్ధం సినిమా తగిలింది. గద్దించే సార్జెంటు, వెనక బెదిరిపోయే సిపాయిలు. చిన్నప్పుడు దాన్ని అమలాపురంలో చూసి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నెల్లాళ్లు యుద్ధమాట ఆడుకున్నాం! గుర్తుందా, కొబ్బరి మట్టల తుపాకులు, ముక్కు దురద పెట్టే పీచు మీసాలు?

"ఆ రోజుల్లో తేడాల్లేవు, అందరం కలిసే ఆడుకున్నాం" అని పోస్టులు పెట్టే మిత్రులారా! కలిసే ఆడాం, కాదనను. మరి రోజూ సార్జెంటు కొబ్బరి తోటలు గలవారి చినబాబే ఎందుకయ్యాడు? ఊరవతల మా పేట పిల్లలమే రోజూ ఎందుకు చచ్చాం?

ఒకరోజు మా రూతక్క తెగించింది. "ఇవాళ సార్జెంటుని నేను."

"ఆడపిల్లవి, నువ్వేంటే?" అన్నాడు చినబాబు.

"అయితే కాలవ మీద దుంగ ముందు దాటినోళ్లే సార్జెంటు. రండి బాబూ!"

అక్క ఒక్క పరుగున దాటేసింది. చినబాబు సగం దూరం వచ్చి, దుంగను కావలించుకుని కూర్చుండిపోయాడు.

"సిపాయీ, లే! నీళ్లకేసి కాదు, నాకేసి చూడు!" అక్క గర్జించింది.

"ఆయ్, లేస్తున్నానండీ..."

అప్పటిదాకా వాళ్లింటివాళ్లెవరూ మా పేటలో అడుగుపెట్టి ఎరగరు. మర్నాడు పొద్దున్నే చినబాబు మా గుమ్మం ముందు నిలబడి, మా అమ్మని అడిగాడు: "సార్జెంటు గారున్నారాండీ?"