ఐదోనాటి గుడ్డు

నవ్వండప్పా, బాగా నవ్వండి! చంద్రగిరి అంతా నవ్వినాక మీరు మాత్రం ఎందుకు ఊరుకోవాల? పోయిన వారం నా ఉద్యోగాన్ని నా చేత్తోనే పగలగొట్టుకున్నాను, అదీ గుడ్లతో! కాఫీ చల్లారేలోపల చెప్పేస్తా, వినండి.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, సైన్సు పాఠం ఆయనకు నచ్చితే నీ ఉద్యోగం పర్మనెంటు అన్నాడు హెడ్మాస్టరు. నచ్చకపోతే? నెలాఖరుకు ఇంటికే! ఇంకో మాస్టరైతే బోర్డు మీద బొమ్మ గీసి సరిపెట్టుకుంటాడు. నేను అట్లాంటివాణ్ణా? మదరాసులో ట్రైనింగు చేసొచ్చిన మేధావిని! గుడ్డులో కోడిపిల్ల ఎట్లా పెరుగుతుందో పగలగొట్టి కళ్ళారా చూపిస్తానన్నాను. మూడోరోజుకు ఎర్రటి చుక్క మాదిరి గుండె కొట్టుకుంటుంది. ఐదోరోజుకు నల్లటి కన్ను కనబడుతుంది. ఇరవై ఒకటోరోజుకు పిల్ల పెంకు పొడుచుకొని బయటికొస్తుంది. పుస్తకం నాకు కంఠతా!

గుడ్లు కావాలని పుత్తూరుకు కార్డు రాసినాను. మా అత్తగారు ఊకలో పెట్టి డజను పంపించింది. రెండు నెలల కింద ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద గుర్తొచ్చి నోరూరింది కూడా.

పక్కింటి మరియమ్మ దగ్గర పొదుగుకొచ్చిన పెట్ట ఉంది. ఇన్‌స్పెక్టరు రాకకు సరిగ్గా ఐదు రోజుల ముందు, గంపలో గడ్డి పరిచి గుడ్లు పెట్టినాము. మరియమ్మ ఒక గుడ్డును చేతిలో తిప్పి చూసింది.

"అయ్యవారా, ఇవి పుంజు తిరిగే ఇంటి గుడ్లేనా? ఎందుకైనా మంచిది, మావి రెండు కలిపి పెడదామా?"

"నీకేం తెలుసు మరియమ్మా! పుస్తకంలో అంతా ఉండాది. నువ్వు పెట్టను చూసుకో, చాలు."

"సరేలే సామీ, సదువుకొన్నోరు" అనింది. ఆ గొంతులోని ఎగతాళి నా చెవికెక్కితే గదా!

ఆ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు ముందు బెంచీలో కూర్చున్నాడు. నేను ఉపన్యాసం దంచి, "ఇప్పుడు కన్ను చూడండి, కొట్టుకునే గుండెను చూడండి!" అని మొదటి గుడ్డును పళ్ళెంలో కొట్టినాను. తెల్లసొన, పచ్చసొన. అంతే! రెండోది కొట్టినాను. పచ్చసొనే. మూడు, నాలుగు, ఐదు... అన్నీ అంతే. ఆ క్లాసులో దడదడా కొట్టుకుంటున్న గుండె నాదొక్కటే!

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మిస్టర్, రెండు ఉల్లిగడ్డలు కూడా తెచ్చుంటే టిఫిన్ అయిపోయేది" అని లేచి వెళ్ళిపోయినాడు. సాయంత్రానికల్లా హెడ్మాస్టరు పిలిచి నెలాఖరు సంగతి చెప్పేసినాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మరుసటి రోజే రైలెక్కి పుత్తూరు పోయినాను. గడపలో నిలబడే కేకేసినాను.

"ఎట్లాంటి గుడ్లు పంపించినారు మామా? ఒక్కదాంట్లో పిల్ల లేదు! నా ఉద్యోగం పాయె!"

మామ తల వంచుకొని బీడీ వెతుక్కుంటున్నాడు. తలుపు చాటు నుంచి అత్తగారు మెల్లగా అనింది.

"పిల్ల యాడ్నుంచి వస్తాదబ్బా? మా ఇంట్లో ఉన్నిందే ఒక పుంజు. రెండు నెల్ల కింద మీరొచ్చినారని దాన్ని కోసేస్తిమి. రెండు తొడలూ మీకే పెడితిమి గదా!"

గుడ్డులో పిల్ల రోజురోజుకూ ఎట్లా పెరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దాని నాయనను రాగిసంకటిలో నంజుకున్న ఘనుణ్ణి నేనేనని ఏ పుస్తకంలో ఉంటుందప్పా?