వడియాల కింద కోట

నేను నాంపల్లిలో ఒక ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. కొలతలు లేనిదే నాకు అన్నం కూడా దిగదు. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు అబిడ్స్‌లో మా మేడమీద గదిలో ఆడే ఆటలోనూ పెద్దరికం నేనే తీసుకున్నాను. ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఒకరు కుర్చీలో కూర్చుని కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో వీరులవుతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. జుట్టు పలచబడుతున్న వయసులో నేను, మరో ముగ్గురితో కలిసి చేసే పని ఇది.

దయ్యాల కోటకి నేను మ్యాప్ గీశాను. గళ్లు, మెట్లు, కిటికీలు, చివరికి దయ్యానికి మరుగుదొడ్డి కూడా. ఫ్లెక్సీ షాపుకెళ్లి పెద్ద బ్యానర్‌గా అచ్చు వేయించాను. మిగతా ముగ్గురూ దానిమీద చింతగింజలు జరుపుతూ ఆవలించేవాళ్లు. ఒకసారి ఒకతను నిద్రే పోయాడు. అతని చింతగింజ మాత్రం దయ్యం ఎదుట ధైర్యంగా నిలబడింది.

ఆ ముగ్గురిలో బేగంబజార్ మిర్చి దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒకతె. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే కథ తనే నడుపుతానని మొహం మీదే చెప్పేసింది. మిగతా ఇద్దరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ కుర్చీ పోతుందంటే నిజంగానే భయం వేసింది. ఆఫీసులో నా మాట వినే నాథుడు లేడు మరి.

మరుసటి ఆదివారం చూస్తే మ్యాప్ లేదు. డాబా ఎక్కితే దొరికింది. మా అమ్మ దాన్ని శుభ్రంగా కడిగి, తిరగేసి పరిచి, వరసలు వరసలుగా గుమ్మడి వడియాలు పెట్టింది. ఎండేదాకా ముట్టుకుంటే ఊరుకోనంది. సరే, నోటితోనే లాగిద్దామని వచ్చి కూర్చున్నాను.

ఇరవై అడుగుల గది, ఉత్తరాన తలుపు అని మొదలుపెట్టాను. గదిలో ఏం వాసన వస్తోందని ఆ అమ్మాయి అడిగింది. ఇన్నేళ్లుగా ఇన్ని గదులు గీశాను, ఒక్కదానికీ వాసన పెట్టలేదు. నేను మళ్లీ ఉత్తరాన తలుపు అంటుంటే ఆమె నన్ను లేపి కుర్చీలో కూర్చుంది.

నేను వీరుణ్ణయి, ఆమె ఎక్కడ తప్పుతుందా అని కాచుకుని ఉన్నాను. మ్యాప్ లేని ఆట గందరగోళమని తేలితే చాలు, కుర్చీ మళ్లీ నాదే. దయ్యం ఒక మిర్చి గోదాంలో పడుకుందని ఆమె అంది. తలుపు ఎన్ని అడుగుల దూరమని అడిగాను.

"అడుగులు నాకెర్క లేదన్నా. బస్తాల సందుల నుంచి పోవాలె. పొద్దున గీడనే మిర్చి దంచిన్రు, పొడి ఇంకా గాలిలనే ఉంది. జర చప్పుడైనా దయ్యం లేస్తది."

గోదాం ఎత్తెంతని అడగబోయాను. ముక్కు దురద పెట్టింది. పక్కనున్న ఇద్దరూ అప్పటికే చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. మా గదిలో మిరపగింజ కూడా లేదని నాకు తెలుసు. అయినా ముక్కు పట్టుకున్నాను, ఊపిరి బిగబట్టాను, మా మేనేజరు మొహం తలుచుకున్నాను. ఏదీ పనిచెయ్యలేదు. కిటికీ రెక్కలు అదిరేలా తుమ్మాను.

ఎవరూ నవ్వలేదు. ఆమె పాచికలు నా వైపు జరిపింది.

"దయ్యం లేచిందన్నా. నువ్వే లేపినవ్. ఇప్పుడేం చేస్తవ్?"

తలుపు ఎటుందో చెప్పమని ఆమెనే బతిమాలుకున్నాను.