చొక్కా కింద రివాల్వరు

మా చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, అడవిపందికీ నాకూ పరుగుపందెం జరిగితే గెలిచింది నేనే. పంది నా వెనకాలే వచ్చింది. ఆ గెలుపు చూసి పులివెందుల జనం ఇంకా నవ్వుతుండగానే పంట కాపలాకని తుపాకి లైసెన్సుకు పెట్టుకున్నాను. అది చేతికొచ్చింది. ఇక రివాల్వరు ఎంచుకోవడమే మిగిలింది.

తోడుగా బామ్మర్ది వస్తానన్నాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. జమ్మలమడుగులో ఉండే వాడిని చెట్లకు నీళ్లు కట్టను రమ్మంటే ఏనాడూ రాలేదు. పైగా చేని గట్టు తగాదాతో వాడికీ దాయాదులకూ మాటల్లేవు. వచ్చే ఆదివారమే పంచాయితీ.

ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన తన రివాల్వర్లు అమ్ముతున్నాడు. నా లైసెన్సు చూసి, గుండ్లు లేవని తిప్పి చూపించి, రెండూ బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది. రెండోది నాటుకోడంత బరువు.

"ఎందుకప్పా నీకు?"

"పందులకు. ఫారెస్టోళ్లు ఒప్పుకున్యారు."

"పందికైతే పొడుగు తుపాకే మేలు. నడుముకు పెట్టుకొని తోటంతా తిరగాలంటే మాత్రం ఈ పెద్దదే. చిన్న గుండు తగిల్తే పందికి కోపమొస్తాది, అంతే. కాకపోతే కాల్చినప్పుడు ఇది శానా వెనక్కి తంతాది. రెండు చేతులూ కావాల."

ఆయన మాట నచ్చింది. పెద్దదే తీసుకుందామనుకున్నాను. అంతలో బామ్మర్ది దాన్ని నా నడుముకు ఆనించి, వెనక్కి జరిగి, పెళ్లికొడుక్కి కోటు చూసినట్టు చూశాడు.

"చొక్కా కింద ఎత్తుగా కనపడతాండాదా లేదా? కొంచెం తిరుగు బావా."

నేను తిరగలేదు. "పంది నా చొక్కా చూస్తాదేందిరా?"

వాడు నవ్వలేదు. పెద్దాయన రెండింటినీ గుడ్డలో చుట్టేశాడు. "ముందు మీరిద్దరూ మాట్లాడుకోండప్పా."

తిరుగు బస్సులో వాడు అసలు సంగతి కక్కాడు. "కాల్చమనలేదు బావా. పంచాయితీలో నా పక్కన ఊరికే కూచో. చొక్కా కింద అది తెలిస్తే చాలు, వాళ్లే గట్టు వదుల్తారు."

"వాళ్ల బావ ఇంకా పెద్దది పెట్టుకొనొస్తే?"

మా వైపు అంతే. నడుములు చూసుకోవడం మొదలైతే, చివరికి గట్టు సంగతి ఎవరికీ గుర్తుండదు. పంచాయితీ తెగేదాకా రివాల్వరు కొననని చెప్పేశాను.

ఆదివారం ఉత్త చొక్కాతో వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. నా లైసెన్సు సంగతి చేరిందేమో, ఎదుటివాళ్ల చూపంతా నా నడుము మీదే. నా చూపు వాళ్ల నడుముల మీద. ఒకాయన వక్కల కోసం జేబులో చెయ్యి పెడితే అందరం ఊపిరి బిగబట్టాం. ఉక్కపోతకు తట్టుకోలేక నేనే చొక్కా ఎత్తి మొహం తుడుచుకున్నాను. అక్కడ పొట్ట తప్ప ఏమీ లేదని చూశాక వాళ్లూ సర్దుకు కూర్చున్నారు. అప్పటిగ్గానీ మాటలు మొదలు కాలేదు. సర్వేయరును పిలిచి కొలిపించుకుందామని రెండు వైపులా ఒప్పుకున్నాయి.

ఇంటికొచ్చి నా భార్య ముందు మీసం మీద చెయ్యేశాను. "ఏమనుకుంటివి నీ మొగుడంటే? తుపాకి లేకుండానే మీ తమ్ముని పంచాయితీ తెంచినా."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలైనా ఎత్తలేదు.

"నువ్వు నోరు తెరిస్తే పొద్దు గూకేదాకా మూయవని ఆ ఊళ్లో గూడా తెలుసు. అందుకే బిరీన ఒప్పుకొని లేచి పోయినారు."