మాత్రల పెట్టెతో జైలుకొచ్చిన మనిషి

కాంపౌండరు గారు పోయారని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. జగ్గయ్యపేటలో హోటలుకి పాలు పోస్తుంటే అక్కడ అనుకుంటున్నారట. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఎక్కువ బాధపడకుండా పోయారు, మంచిదే. నాకు మాత్రం, ఆయన బీపీ మాత్ర వేసుకున్నారో మర్చిపోయారో అని దిగులు పట్టుకుంది. పోయాక ఆ దిగులెందుకు? అయినా పట్టుకుంది.

ఆయన మాకు చుట్టం కాదు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవారు. వారానికోసారి సబ్ జైలుకి వెళ్ళి లోపలున్నవాళ్ళ జ్వరాలూ పుళ్ళూ చూసి, డాక్టరు గారికి చెప్పి మందులు తెచ్చేవారు. ఖైదీల గదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు బయటే విడిచేవారు. ఒకసారి అడిగితే, "అక్కడ పడుకునేవాళ్ళకి ఇప్పుడదే ఇల్లు కదమ్మా" అన్నారు.

ఆయనతో మాకు పని పడింది ఏడేళ్ళ కిందట. పత్తి చేను గట్టు దగ్గర తగాదాలో మా తమ్ముడు కర్ర ఎత్తాడు. పక్క చేనాయనకి చెయ్యి విరిగింది. వీణ్ణి రిమాండుకి పంపారు. గట్టు తగాదాలో జైలుకెళ్తే మా వత్సవాయి వైపు పెద్ద తలవంపేమీ కాదు. మా తలవంపు వేరే ఉంది. వాడికి టీబీ. మందులు మొదలెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. భార్య పోయాక వాడు నా దగ్గరే ఉంటున్నాడు, నాలుగు గేదెల పాల మీదే ఇద్దరం బతుకుతున్నాం. పాలు పోసేవాడికి టీబీ అని తెలిస్తే మర్నాడు మా గుమ్మంలోకి గిన్నె పట్టుకుని ఎవరొస్తారు? అందుకని పోలీసులు తీసుకెళ్తుంటే వాడి చెవిలో ఒకటే మాట చెప్పాను. "ఎవరడిగినా ఏ జబ్బూ లేదను." జైల్లో చేర్చుకునేటప్పుడు అడిగారట. వాడు లేదన్నాడు.

ఆ మందుల పద్ధతి చెప్పాలి. ఒక్కో రోగికి ఒక అట్టపెట్టె, దాని మీద పేరు, మొత్తం మందు అందులోనే. వారానికి మూడు రోజులు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నర్సమ్మ ఎదురుగా మింగాలి. ఆవిడ పొరుగూరి నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి, మా తగాదా సంగతి తెలియదు.

"వాడు లేవలేకపోతున్నాడమ్మా, నా చేతికివ్వు" అన్నాను.

"కుదరదు పెద్దమ్మా. లేవలేకపోతే నేనే ఇంటికొస్తా, పదండి."

వద్దొద్దని చెప్పి పరుగున బయటపడ్డాను. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని ఆవిడ మొదట్లోనే చెప్పింది. ఆ మాట గుర్తుంది, నిద్ర లేదు, అయినా నోరు విప్పలేదు.

ఆ తర్వాత ములాఖత్‌కి వెళ్ళినప్పుడు గేటు దగ్గర కాంపౌండరు గారు నన్ను పక్కకి పిలిచారు.

"మీవాడి దగ్గు ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"అది చుట్ట దగ్గండి."

"చుట్ట ఎప్పట్నుంచి తాగుతున్నాడు?"

"అయ్యో, మావాడు చుట్ట ముట్టడండి!"

పక్కనున్న వార్డరు పగలబడి నవ్వాడు. "పిన్నిగారూ, మీకు లాయరు దండగండీ, మీరే ఒప్పేసుకుంటారు" అన్నాడు. కాంపౌండరు గారు నవ్వలేదు.

"లోపల పదకొండుమంది ఒకే గదిలో పడుకుంటున్నారమ్మా. మీవాడొక్కడి సంగతే అయితే ఇంత అడగను" అన్నారు.

అప్పుడు చెప్పేశాను. గేదెల సంగతి, పాల సంగతి, నర్సమ్మకి చెప్పిన అబద్ధం, అన్నీ. ఆయన తిట్టలేదు. "పెట్టె ఎక్కడుంది?" అని మాత్రం అడిగారు. ఆ రోజే డాక్టరు గారి చేత చీటీ రాయించుకుని, బస్సెక్కి మా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. పేరు కనబడకుండా పెట్టెకి పాత పేపరు చుట్టి, చంకలో పెట్టుకుని తెచ్చారు. వారానికోసారి వచ్చే మనిషి అప్పట్నుంచి మూడుసార్లు రావడం మొదలెట్టారు. "జడ్జి గారు మనిషిని రిమాండుకి పంపారు గానీ జబ్బుని పంపలేదు, అది మన పూచీ" అనేవారు.

మావాణ్ణి కిటికీ పక్కకి మార్పించారు. గదిలో అందరికీ కళ్లె పరీక్ష పెట్టించారు. ఒక్కడికే చేస్తే మిగతావాళ్ళు వాణ్ణి వెలేస్తారని, పైనుంచి ఆర్డరొచ్చిందని చెప్పారట. "ఆర్డరు నిజంగా వచ్చిందాండీ?" అని అడిగాను.

"రాలేదు. మీ అబద్ధం కంటే నాది చిన్నదిలెండి" అన్నారు.

ఆ పరీక్షలో ఇంకొకతనికి టీబీ బయటపడింది. పెనుగంచిప్రోలు ఆటో డ్రైవరు, చూడ్డానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. "మావాడి వల్లేనాండీ?" అన్నాను. నా వల్లేనా అని అడగడానికి నోరు రాలేదు.

"చెప్పలేనమ్మా. అయ్యుండొచ్చు. అతనికి ముందే ఉండి ఉండొచ్చు. దగ్గరుండి మందు మింగించడం నా పని. మీరు రెండు గుడ్లు తెచ్చేచోట నాలుగు తెండి" అన్నారు.

కాదమ్మా, మీ తప్పేం లేదు అని ఆయన అనలేదు. అనుంటే అప్పటికి నా మనసు కుదుటపడేది, కానీ ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా నమ్మేదాన్ని కాదు.

నలభై రోజులకి మావాడికి బెయిలొచ్చింది. పెట్టె నాకిమ్మంటే, "మీకా? మీరు దాచేస్తారు" అని ఆయనే తీసుకెళ్ళి నర్సమ్మకి అప్పజెప్పారు. ఆటో అతను ఇంకొన్నాళ్ళు లోపలే ఉన్నాడు. గుడ్లు పట్టుకుని వారం వారం వెళ్ళేదాన్ని. అతను "అక్కగారూ" అనేవాడు. అసలు సంగతి చెప్పాలని వెళ్ళి, చెప్పకుండా వచ్చేదాన్ని. ఇద్దరికీ నయమైంది. నా లోపల మాత్రం అది అలాగే ఉండిపోయింది.

మొన్న ఆయన పోయిన కబురు విని కాంపౌండరు గారింటికి వెళ్తే ఆటో అతను అక్కడున్నాడు, తల కొంచెం నెరిసింది. పక్కన కూర్చుని చెప్పేశాను, జబ్బు దాచమన్నది నేనేనని, తొమ్మిది రోజులు దాచానని.

"ఇప్పుడెందుకు చెప్పారండీ?" అన్నాడు.

"నా వల్లేనా అని అడగడానికి ఇక ఆయన లేరయ్యా."

పాడె ఎత్తాలి, ఒక మనిషి తక్కువయ్యాడని ఎవరో పిలిస్తే అతను లేచి వెళ్ళాడు. క్షమించాడో లేదో తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందనీ అనుకోను.

ఇంటికొచ్చాక నాకు ఒకటే కనబడుతోంది. జైలు వరండాలో ఒకనాటి పొద్దున. మా తమ్ముడూ ఆ ఆటో అతనూ గోడకి ఆనుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ మాత్రలు మింగారు. "ఏదీ, నోరు తెరవండి" అని కాంపౌండరు గారు వంగారు. వాళ్ళు తెరిచారు. పసిపిల్లలకి అన్నం పెట్టే తల్లిలాగా, తనకి తెలియకుండానే, ఆయన కూడా నోరు తెరిచారు.