చాలన్నా ఆపని చదువులక్క

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊరి చర్చిలో, పాస్టరు చెప్పిన వచనాన్ని పైకి చదివి వినిపించే ఆమెను అందరూ చదువులక్క అనేవారు. పంక్తి కింద వేలు పెట్టి చదివేది. పాస్టరు "చాలమ్మా" అంటే ఆపేది.

ఆ ఏడు సంఘపెద్ద ఒక వితంతువు గుడిసె జాగాను తన పత్తిచేనులో కలుపుకొని కంచె కడీలు పాతాడు. ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లింది. ఆదివారం పాస్టరు, తిరగబడినవాళ్లు కత్తి పాలవుతారన్న ప్రవక్త మాట చదివించి, వెనక చాప మీదున్న వితంతువు వైపు చూశాడు.

"చాలమ్మా."

చదువులక్క వేలు కిందికి జరిపింది. మూడు వచనాల తరువాత ప్రవక్త తిరగబడినవాళ్లని తిట్టింది పెద్దలనే, లంచాలు మరిగి విధవరాలి మొర వినని పెద్దలను.

"ఏందమ్మా, చెవులు ఇనపడ్తలేవా?" అన్నాడు సంఘపెద్ద.

"నాకు మంచిగనే ఇనపడ్తయి పెద్దయ్యా. దేవుడు అడుగుతున్నది నీ చెవుల సంగతి. కూసొని ఇను."

మైకు లాక్కున్నారు. మైకు లేకుండానే ముగించింది.

దేవుడి కోపాన్ని పెద్దింటికి కిరాయికిచ్చిన ఆ పాస్టరును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సోమవారం పొద్దున వితంతువు గడ్డపార పట్టుకుని చేను దగ్గరికి వెళ్లింది. అప్పటికే చదువులక్క రెండు కడీలు పెకలించి, మూడోదాని మొదట్లో తవ్వుతోంది.