ముందు పెట్టెలో అత్త, వెనక పెట్టెలో టిక్కెట్లు

కలకత్తా మహానగరంలో మా మేనత్తను నేను పోగొట్టిన విధానాన్ని పాఠకుల ముందు సవినయంగా విన్నవించదలిచాను. ఇందులో దాచవలసినదేమీ లేదు. దాచుదామన్నా మా బంధువర్గం దాచనివ్వదు. కళింగపట్నం నుంచి శృంగవరపుకోట దాకా మా వాళ్ళ ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. ఎత్తుకున్న ప్రతిసారీ నా తెలివి కొంత తరుగుతుంది, నేను పరుగెత్తిన దూరం కొంత పెరుగుతుంది. ఇదే వరస సాగితే నేను కలకత్తా నుంచి ఖరగ్‌పూరు దాకా పరుగెత్తానని స్థిరపడిపోయే ప్రమాదముంది. అది జరగకముందే ఉన్నదున్నట్టు నేనే రాయడం న్యాయమనిపించింది.

అప్పట్లో నేను విజయనగరంలో బి.ఏ. చదువుతున్నాను. చదువుతున్నానన్నది మర్యాదకు; నిజానికి వాదిస్తున్నాను. కళాశాల వక్తృత్వ సభలో ఏ ప్రతిపాదనకైనా అనుకూలంగానూ ప్రతికూలంగానూ సమానమైన నమ్మకంతో మాట్లాడగలనని పేరు తెచ్చుకున్నాను. ఆ విద్యను ఇంటికి కూడా తీసుకువెళ్ళాను. "పొద్దుపోయింది, అన్నానికి లే" అని అమ్మ అంటే, పొద్దుపోవడమంటే ఏమిటో ముందు నిర్వచించమని కోరేవాణ్ణి. ఆమె నిర్వచించకుండా కంచం తీసేసేది. విద్యావంతుడికి ఇంటి దగ్గర జరిగే అన్యాయాల్లో ఇదొకటి.

నాకు సూత్రాలు కూడా ఉండేవి. వాటిలో ముఖ్యమైనది, టిక్కెట్టు లేకుండా ఏ వాహనంలోనూ అడుగు పెట్టకూడదన్నది. కండక్టరు రావడం మరిచిపోతే నేనే వెతుక్కుంటూ వెళ్ళి డబ్బులిచ్చేవాణ్ణి. తోటి ప్రయాణికులు నన్ను జాలిగా చూసేవారు. అది గౌరవమని నేను అనుకునేవాణ్ణి.

ఇట్టి నన్ను నమ్మి మా నాన్నగారు తన అక్కగారిని నాకు అప్పగించారు. అప్పలనరసమ్మత్తది కళింగపట్నం దగ్గర పల్లె. ఆమె కూతురు సత్యవతి వదిన, కలకత్తాలో ఖిదిర్‌పూరు రేవు దగ్గర కాపురం. అక్కడే పురుడు వచ్చింది, మగపిల్లాడు. బాలింతకు పెట్టే కాయం అత్త స్వయంగా నూరి, అల్లుడికి ఇష్టమని ఎండుచేపలు కూడా కట్టి, మూట సిద్ధం చేసింది. "మీ అత్తకి తెలుగు తప్ప మరో బాస రాదు. ఆ ఊరిలో తప్పిపోతే మళ్ళీ దొరకదు. నిన్ను నమ్మి పంపుతున్నాను" అన్నారు నాన్నగారు. ఈ వాక్యంలో ఖండించవలసిన అంశం ఏదీ కనిపించక, నేను అంగీకరించాను.

ఆముదాలవలసలో రైలెక్కి, హౌరాలో దిగి, ఎలాగో ఎస్ప్లనేడు చేరాం. అక్కణ్ణుంచి ఖిదిర్‌పూరుకు ట్రాములో వెళ్ళాలి. ఇక్కడ పాఠకులు మా జిల్లాల్లో బస్సు ఎక్కే పద్ధతిని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. మా బస్సుల్లో ఆడవాళ్ళు ముందు ఎక్కుతారు, ముందే కూర్చుంటారు. మగవాళ్ళు వెనక ఎక్కుతారు. ఆడవాళ్ళను కండక్టరు డబ్బులడగడు. అడిగితే వాళ్ళు తల కూడా తిప్పకుండా వెనక్కి వేలు చూపిస్తారు. ఆ వేలు ఏ మగవాడి మీద వాలితే అతను ముందుకు వేలు చూపించి, తన టిక్కెట్టుతో పాటు వాళ్ళవీ తీస్తాడు. రెండు వేళ్ళు కలిసిన చోట కండక్టరు టిక్కెట్లు చింపుతాడు. దీనిని మించిన రవాణా శాస్త్రం ప్రపంచంలో ఉంటుందని నాకు తోచలేదు.

ట్రాము వచ్చి ఆగింది. మన బస్సుకు రెండింతల పొడవుంది. అత్త దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇది బస్సేట్రా, రైలా?"

"ట్రాము అత్తా. నువ్వు ముందెక్కేయ్, నేను ఎనకెక్కుతాను."

"టిక్కెట్టో?"

"నేను తీస్తాను. ఎవుడడిగినా ఎనక్కి వేలు సూపించు."

"అది నువ్వు నాకు సెప్పాలేటి? నువ్వు పుట్టకముందు నుంచీ బస్సులెక్కుతన్నాను" అని, మూట చంకనెత్తుకుని ముందు గుమ్మంలో ఎక్కేసింది. ఆమె ఆడవాళ్ళ సీట్లలో కూర్చోవడం కిటికీలోంచి చూసి, ఇక్కడి ఏర్పాటు కూడా మన పద్ధతే అని సంతోషించి, నేను పరుగున పోయి చిట్టచివరి గుమ్మంలో ఎక్కాను.

కండక్టరు రాగానే రెండు వేళ్ళెత్తి, ఒక వేలు ముందుకు చూపించాను. అతను ఆ దిక్కుగా నిలబడ్డ జనాన్ని చూసి, తలూపి, రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు. మన శాస్త్రం వంగదేశంలో కూడా చెల్లినందుకు నాకు ఒళ్ళు పులకరించింది. అత్త టిక్కెట్టు అత్త చేతిలో ఉండడమే సక్రమమని, జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచాను. అలా కొంత దూరం నడిచాక బండి అయిపోయింది.

ఎదురుగా ఊచల కిటికీ. కిటికీ అవతల గాలి. ఆ గాలి అవతల మరో పెట్టె. రెండింటికీ మధ్య ఒక ఇనప కొక్కెం తప్ప మరే సంబంధమూ లేదు. ఆ ముందు పెట్టెలో పంకాలు తిరుగుతున్నాయి; మెత్తటి సీట్లున్నాయి; వాటిలో ఒకదానిలో మా అత్త ఉంది. ఆమె ముందు కండక్టరు చెయ్యి చాచి నిలబడ్డాడు. అత్త, మా జిల్లా స్త్రీలందరి తరఫునా, తల తిప్పకుండా వెనక్కి వేలు చూపిస్తోంది. ఆ వేలు సూటిగా నా ముక్కును చూపిస్తోంది.

పక్కనున్న పెద్దమనిషి నా కంగారు చూసి, ముందుది మొదటి తరగతి, ఇది రెండవ తరగతి, కండక్టర్లు వేరు, ఛార్జీలు వేరు, నడిచే బండిలో ఒకదాని నుంచి మరొకదానికి దారి లేదని ఇంగ్లీషులో వివరించాడు. నేను రెండు టిక్కెట్లనూ ఊచల మధ్య నుంచి ఎత్తి పట్టుకున్నాను. ముందు పెట్టె కండక్టరు వాటిని చూశాడు. ఆ టిక్కెట్లు అక్కడ చెల్లవన్నట్టు తల అడ్డంగా ఊపి, వెనక పెట్టెలోకి పొమ్మని అత్తకు చేత్తో సైగ చేశాడు.

తరువాతి స్టాపులో నేను కిందికి దూకి, ముందు పెట్టెకు పరుగెత్తి, దాని వెనక గుమ్మంలో ఎక్కాను. సరిగ్గా అదే క్షణాన అత్త దాని ముందు గుమ్మంలోంచి దిగి, మూట నెత్తిన పెట్టుకుని, పక్కగా నడిచి వచ్చి, వెనక పెట్టె ఎక్కింది. ఈ సంగతి నాకు సాయంకాలం దాకా తెలియదు. పాఠకులకు ఇప్పుడే చెబుతున్నాను. నాతో పాటు వారు కూడా మోసపోవలసిన అగత్యం లేదు.

బండి కదిలింది. ఆడవాళ్ళ సీట్ల దాకా చేరకముందే కండక్టరు నన్ను ఆపాడు. నా టిక్కెట్లు చూసి, మొదటి తరగతి ఛార్జీ కట్టమన్నాడు, లేకపోతే దిగమన్నాడు. ఆ క్షణంలో డబ్బులిచ్చి అత్త దగ్గరికి వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. కాని అతని మాటలో నాకొక ప్రతిపాదన వినిపించింది.

నేను ఈ పెట్టెలో ప్రయాణం చెయ్యడం లేదని, కేవలం మా అత్తకు టిక్కెట్టు అందించడానికి వచ్చానని, ఉద్దేశం లేని ఉనికి ప్రయాణం కానేరదని ఇంగ్లీషులో మనవి చేశాను. అతను శాంతంగా విన్నాడు.

"బండి నడుస్తోంది బాబూ" అన్నాడు చివరికి. "నువ్వు బండిలో ఉన్నావు."

ఇంత పేలవమైన వాదనను నేను మా కళాశాలలో మొదటి సంవత్సరం కుర్రవాడి నోట కూడా వినలేదు. కాబట్టి మూలాల్లోకి వెళ్ళాను. రెండు పెట్టెలూ ఒకే పట్టాల మీద, ఒకే తీగ కింద, ఒకే వేళకు ఒకే చోటికి చేరుతున్నప్పుడు, మనుషులను రెండు తరగతులుగా విడదియ్యడానికి నైతిక ఆధారమేమిటని అడిగాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది పంకా కింద కూర్చునేవాళ్ళకేనా అని అడిగాను. గొడుగు పట్టుకున్న ఒక వృద్ధుడు లేచి నన్ను సమర్థించాడు. కళ్ళద్దాలాయన ఒకరు ఆయన్ని ఖండించారు. క్షణాల్లో పెట్టె రెండు పక్షాలుగా చీలింది. కలకత్తా వాసులు వాదనను అతిథిలా ఆదరిస్తారని విన్నాను, నిజమే. మా కళాశాలలో వాదించేటప్పుడు ముందు వరసలో నిద్రపోయేవారుంటారు. ఇక్కడ వేలాడేవాళ్ళు కూడా చెవులప్పగించి విన్నారు. స్టాపులు వచ్చాయి, పోయాయి.

చివరికి కండక్టరు చేతులెత్తేశాడు. అతని ఓటమిని నేను హుందాగా స్వీకరించి, సభకు వందనం చేసి, ఈ విజయం చూసి అత్త ఎంత పొంగిపోయిందోనని ఆమె సీటు వైపు తిరిగాను. అక్కడ ఎవరో కళాశాల అమ్మాయి కూర్చుని పుస్తకం చదువుకుంటోంది.

మూటతో ఉన్న పెద్దావిడ ఏదని అడిగాను. ఆమె ఎప్పుడో దిగిపోయిందని, నేనెక్కిన స్టాపులోనే దిగిందని గొడుగాయన చెప్పాడు. నాలో ఉన్న తార్కికుడు తక్షణం పని ప్రారంభించాడు. అత్త ఈ పెట్టెలో లేదు. అత్త ఆ స్టాపులో దిగింది. కావున అత్త ఆ స్టాపులో ఉంది. ఇందులో లోపం ఇప్పటికీ వెతికితేగాని దొరకదు. ట్రాము వేగం తగ్గగానే కిందికి దూకి, వచ్చిన దారినే పరుగు లంకించుకున్నాను. వెనక పెట్టె నా భుజానికి రాసుకుంటున్నట్టే పక్కనుంచి వెళ్ళిపోయింది. నేను దాని వైపు కన్నెత్తి చూడలేదు. నిరూపణ పూర్తయ్యాక సాక్ష్యం చూసే అలవాటు నాకు లేదు.

పచ్చిక మైదానం మధ్య నుంచి పట్టాల వెంబడి పరుగెత్తాను. మేకలు మేస్తున్నాయి, నన్ను చూసి అవి తప్పుకున్నాయి. ఆ స్టాపులో అత్త లేదు. అంతకుముందు స్టాపులోనూ లేదు. చెట్ల కింద లేదు, పంపు దగ్గర లేదు. కనిపించిన వాళ్ళందరినీ అడిగాను. ఒక పోలీసు దయతో ఆగి, ఆమె ఏ భాష మాట్లాడుతుందన్నాడు. తెలుగన్నాను. వయసెంతన్నాడు. తెలియదన్నాను. ఏ రంగు చీర కట్టుకుందన్నాడు.

రాత్రంతా రైల్లో ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆమె విప్పి పెట్టిన అటుకులు తిన్నాను. దేశ ఆర్థిక విధానం గురించి ఆమెకు వివరించాను. చీర రంగు నాకు తెలియదు. ఇంతవరకు రాసినది నవ్వుతూ రాశాను. ఈ ఒక్క ముక్క రాసేటప్పుడు ఇప్పటికీ నవ్వు రాదు. భాష రాని, దారి తెలియని మనిషి అంత పెద్ద ఊరిలో ఎక్కడో నిలబడి, అడిగిన వాడికల్లా నా కోసం వెనక్కి వేలు చూపిస్తూ ఉంటుందనుకున్నాను. ఆ వేలి చివర నేను లేను.

పొద్దు వాలేదాకా వెతికాను. ఇక ఖిదిర్‌పూరు వెళ్ళి నిజం చెప్పక తప్పదు. ట్రాము ఎక్కడానికి మనసొప్పక నడిచాను. నడుస్తూ, పచ్చి బాలింతకు తల్లి తప్పిపోయిందన్న వార్త ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ఉపోద్ఘాతం కుదిరింది గాని, విషయం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ మళ్ళీ ఉపోద్ఘాతానికే తిరిగి వెళ్ళాను. వక్తగా నాకిది మొదటిసారి.

వదిన వాళ్ళ సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. అంతా మన వైపు వాళ్ళే, రేవులో పనిచేసేవాళ్ళు. లోపలి నుంచి ఏడుపు. వార్త నాకంటే ముందే వచ్చేసిందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి విన్నాను.

"సదువుకున్నోడని పేరే గానీ బాబూ, గుంటడికేటీ తెలీదు. ఆకలేస్తే అడగడం రాదు. నీలం గళ్ళ సొక్కా, జేబు కాడ సిరా మరక. ఎడం సెప్పు తెగితే పిన్నీసు ఎట్టుకున్నాడు. నా తమ్ముడికి నానేటి సెప్పుకోను, ఒరే నాయనా..."

ఏడుస్తున్నది మా అత్త. ఏడుస్తున్నది నా కోసం.

జనం విడిపోయి నాకు దారిచ్చారు. అత్త నన్ను చూసి, ఏడుపు ఆపి, లేచి, ముందు వీపు మీద ఒకటిచ్చి, తరువాత తల నిమిరింది.

"ఎక్కడికిరా పారిపోనావు? కిటికీలోంచి నాను అంతలా కేకేస్తంటే, గేదొచ్చి తరిమినట్టు ఎనక్కి పరిగెడతావేటి?"

ఆమె వెనక పెట్టెలో ఎక్కగానే కండక్టరు అడిగాడట. ముందు పెట్టెలో వాదిస్తున్న నన్ను ఊచల్లోంచి చూసి, అత్త ఈసారి ముందుకు వేలు చూపించిందట. నేను వేలు చూపించి రెండు టిక్కెట్లు తీయడం అతనికి గుర్తుండి, సరేనని కూర్చోబెట్టాడట. నేను దూకి పరుగెత్తడం చూసి అత్త పెట్టిన కేక విని, ఆ పెట్టెలోనే ఉన్న భోగాపురం పైడయ్య అనే ఆయన, "ఏ ఊరప్పా మనది?" అని పలకరించాడట. అల్లుడి పేరు చెబితే, తమ రేవులోనేనని చెప్పి నేరుగా గుమ్మంలోకి తీసుకొచ్చి దింపాడట. నేను మైదానంలో మేకలను అడుగుతున్న వేళకు అత్త మనవడికి నీళ్ళు కూడా పోసేసింది.

"మరి అన్నయ్యేడీ?" అన్నాను, వదిన భర్త కనిపించకపోయేసరికి.

మంచం మీద పిల్లాణ్ణి పడుకోబెట్టుకున్న సత్యవతి వదిన నా వైపు ఒక్క చూపు చూసింది. "నిన్ను ఎతకడానికెళ్ళారు. పైడయ్య గారూ వెళ్ళారు. ఈదిలోని మగాళ్ళు సగం మంది నీ కోసం కలకత్తా మీద పడ్డారు. నువ్వొచ్చేశావని ఆళ్ళకి సెప్పడానికి ఇప్పుడు మిగతా సగాన్ని పంపాలి."

నేను వెళతానన్నాను. ఆ ఇంట్లో ఉన్నవారంతా, పక్షభేదం లేకుండా, ఒక్క గొంతుతో వద్దన్నారు. నా జీవితంలో ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం అదొక్కటే.

కనుక, పెద్దల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. సభలో గెలుస్తాను, ఇంట్లో గెలుస్తాను, అవసరమైతే అమ్మ తీసేసిన కంచం ముందు కూర్చుని కూడా గెలుస్తాను. కాని కదిలే బండిలో మాత్రం, ఎవరితోనైనా సరే, ఏ విషయం మీదైనా సరే, ప్రాణం పోయినా గెలవను.